వర్డ్‌ప్రెస్, మీడియావికీ, పీహెచ్‌పీబీబీ: మూడింటికీ ఒకే థీమ్ సాధ్యమేనా?

ప్రశ్న – వాచనాలయం

మా ఊరి గ్రంథాలయం కోసం కొందరం కలిసి మూడు సైట్లు నడుపుతున్నాం. కార్యక్రమాల ప్రకటనలకు వర్డ్‌ప్రెస్, పాత పత్రికల సూచికకు మీడియావికీ, పాఠకుల చర్చలకు పీహెచ్‌పీబీబీ. ఒకే సర్వరు, వేర్వేరు సబ్‌డొమైన్లు. ఒక్కోదాని వాలకం ఒక్కో తీరుగా ఉంది. సూచికలో ఏదో వ్యాసం చూసి, దాని గురించి అడుగుదామని ఫోరమ్‌లోకి వెళ్లిన పెద్దవాళ్లు ఇదెవరిదో వేరే సైటనుకుని వెనక్కి వచ్చేస్తున్నారు. పైగా వర్డ్‌ప్రెస్‌లో చక్కగా కనిపించే ‘రాష్ట్రం’ అనే మాటకు ఫోరమ్‌లో అడుగు వత్తు తెగిపోతోంది.

మూడూ పీహెచ్‌పీలో రాసినవే, మూడూ ఓపెన్‌సోర్స్. అలాంటప్పుడు ఒక్క థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) రాసి మూడింటికీ వాడుకునే ఉమ్మడి పద్ధతి ఎందుకు లేదు? ట్విగ్ లాంటి టెంప్లేట్ భాష, అంటే పేజీ అచ్చును రాసే భాష, ఒకదానికి అందరూ ఒప్పుకుంటే చాలదా? ఆ ప్రాజెక్టులవారికి అలా ప్రతిపాదిద్దామని మాలో ఒకరు అంటున్నారు.

జవాబు – సర్వర్‌గది

అన్నీ వర్డ్‌ప్రెస్‌లోకి మార్చేయండి. ఫోరమ్‌కు బీబీప్రెస్ అనే ప్లగిన్ ఉంది. థీమ్ ఒకటే అవుతుంది, అప్‌డేట్ల బాధా తగ్గుతుంది.

జవాబు – తెరవెనుక

వికీని మాత్రం దయచేసి కదపకండి. పత్రికల సూచికలో ప్రతి దిద్దుబాటు చరిత్ర, వర్గాలు, దారిమార్పులు మీడియావికీలో ఉన్నంత పదిలంగా ఇంకెక్కడా ఉండవు. పేజీ రంగు కోసం అంత శ్రమను పణంగా పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఇక అసలు ప్రశ్న. మీరు కోరుతున్నది ఒకప్పుడు కొంతకాలం నిజంగానే జరిగింది. 2005లో మాంబో అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ నుంచి జూమ్లా విడిపోయింది. జూమ్లా 1.0 దాదాపుగా మాంబో కోడే కాబట్టి మాంబో టెంప్లేట్లు అందులోనూ నడిచాయి. పేజీలో ఏ మాడ్యూలు (మెనూ, లాగిన్ పెట్టె లాంటి ముక్క) ఎక్కడ రావాలో చెప్పడానికి రెండింటిలోనూ ‘మాస్ లోడ్ మాడ్యూల్స్’ అనే ఫంక్షనే ఉండేది. 2008 జనవరిలో జూమ్లా 1.5 వచ్చి, దాని స్థానంలో ‘జేడాక్’ ట్యాగును పెట్టింది. దాంతో ఆ పొత్తు చెల్లిపోయింది. ఒకే తల్లి బిడ్డలకే అది మూడేళ్లు నిలవలేదు. వేర్వేరు చోట్ల పుట్టినవాటికి ఎలా నిలుస్తుంది?

ట్విగ్ సంగతీ అంతే. పీహెచ్‌పీబీబీ 3.1 నుంచి, ద్రుపల్ అనే ఇంకో సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ 8వ వెర్షన్ నుంచి రెండూ ట్విగ్‌నే వాడుతున్నాయి. అయినా ఒకదాని టెంప్లేట్ రెండోదానిలో నడవదు. ద్రుపల్ టెంప్లేట్‌కు అందేది ‘లేబుల్’, ‘కంటెంట్’. ఫోరమ్ టెంప్లేట్ ‘పోస్ట్‌రో’ అనే వరుసను తిప్పుతూ ఒక్కొక్క సందేశాన్ని అడుగుతుంది. వ్యాసానికి ఉన్న అంగాలు వేరు, చర్చకు ఉన్న అంగాలు వేరు. భాష ఒకటైనంత మాత్రాన ఆ తేడా పోదు.

కాబట్టి టెంప్లేట్ల జోలికి పోకండి. విలువలను పంచుకోండి. రంగులు, ఫాంటు, అక్షరాల సైజు, వరుసల మధ్య ఎడం, అంచుల ఖాళీ – వీటన్నిటినీ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే భాష) వేరియబుల్స్‌గా, అంటే పేరు పెట్టిన విలువలుగా, ఒక్క ఫైలులో రాయండి. మూడు సైట్లూ దాన్నే పిలుచుకోవాలి. ఆపైన ఒక్కో సైటుకు ఒక్కో చిన్న అతుకు ఫైలు చాలు. వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి ‘థీమ్ జేసన్’ అనే సెట్టింగుల ఫైలులో రాసిన రంగులను తనే వేరియబుల్స్‌గా మారుస్తుంది. వికీలో వెక్టర్ 2022 స్కిన్ (మీడియావికీలో థీమ్‌కు పేరు) వాడుతుంటే దానికీ సొంత వేరియబుల్స్ ఉన్నాయి. మీ విలువలను వాటికి అప్పగిస్తే సరి. పీహెచ్‌పీబీబీలో దానితోనే వచ్చే ప్రోసిల్వర్ స్టైల్‌ను తల్లిగా పెట్టి ఒక పిల్ల స్టైల్ చేసుకోండి.

తెలుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ థీమ్‌లన్నీ లాటిన్ లిపిని కళ్లముందు పెట్టుకుని చేసినవి. ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తు, దానితోపాటు ర వత్తు. వరుస ఎత్తు 1.2 లేదా 1.3 ఉండి, ఆ పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ (పెట్టె దాటినదాన్ని దాచే నియమం) కూడా ఉంటే ఆ వత్తులు అడుగున తెగుతాయి. ఉమ్మడి ఫైలులో వరుస ఎత్తును 1.7 దగ్గర పెట్టండి. దాని పక్కన పిక్సెల్ లాంటి ఏ కొలమానమూ రాయకండి. అప్పుడు శీర్షిక అయినా చిన్నక్షరమైనా తన సైజును బట్టి ఎడం తీసుకుంటుంది. శీర్షికల్లో అక్షరాల మధ్య ఎడం సున్నా చేయండి.

ఫోరమ్ ఇంటర్‌ఫేస్ ఇంగ్లీషులో ఉంటే పేజీ భాష ఇంగ్లీషుగానే నమోదవుతుంది, సందేశాలన్నీ తెలుగులో ఉన్నా సరే. అందుకని భాషను బట్టి ఫాంటు మార్చే నియమం అక్కడ పనిచేయదు. ఫాంటును యూనికోడ్‌లో తెలుగు అక్షరాల సంఖ్యల పరిధితో, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు అని కట్టండి.

జవాబు – ఎక్స్ఎస్ఎల్‌టీ అభిమాని

టెంప్లేట్లను ముట్టకుండా మొత్తం రూపాన్ని మార్చే దారి మరొకటి ఉంది. ప్లోన్ అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాళ్ల డయాజో. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ ఒకటి థీమ్‌గా ఉంటుంది. సైటు ఇచ్చిన పేజీలో ఏ ముక్కను తీసి థీమ్‌లో ఎక్కడ పెట్టాలో నియమాల ఫైలు చెబుతుంది. అది ఎక్స్ఎస్ఎల్‌టీగా (పేజీని వేరే రూపంలోకి మార్చే భాష) మారి సర్వరులోనే పనిచేస్తుంది. లోపల ప్లోన్ ఉందా, వర్డ్‌ప్రెస్ ఉందా అన్నది దానికి పట్టదు.

జవాబు – తెరవెనుక

డయాజో అంటే నాకు ఎంతో గౌరవం. ఉమ్మడి థీమ్ అనే ఆలోచనకు అంత శుభ్రమైన రూపం నేను ఇంకెక్కడా చూడలేదు. చదవడానికే ఉన్న పేజీలకైతే ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఫోరమ్‌లో, వికీ ఎడిటర్‌లో పేజీ నిండా జావాస్క్రిప్ట్ వెతుక్కునే మూలకాలుంటాయి. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ నియమాలను మళ్లీ సరిచూడాలి. స్వచ్ఛందంగా నడిపే సైటుకు అది బరువు.

వాచనాలయం

ఉమ్మడి ఫైలు పెట్టాం, మూడు సైట్లకూ రంగులు కలిశాయి. ఫోరమ్‌లో వత్తులు ఇప్పుడు నిండుగా కనిపిస్తున్నాయి. అయితే ఫాంటు వర్డ్‌ప్రెస్‌లో మాత్రమే వస్తోంది. వికీలోనేమో లాగిన్ పేజీ పాత రూపంలోనే ఉంది. ఇంకో సంగతి, ఈ ఫైలును ఇతర గ్రంథాలయాలకూ ఇద్దామనుకుంటున్నాం. ఏ లైసెన్సు పెట్టాలి?

జవాబు – తెరవెనుక

సబ్‌డొమైన్ మారితే బ్రౌజరుకు అది వేరే మూలమే. సీఎస్ఎస్‌ను అడ్డుకోదు కానీ ఫాంటును అడ్డుకుంటుంది. ఫాంటు ఫైళ్లున్న ఫోల్డరుకు సీఓఆర్ఎస్ అనుమతి హెడర్ (వేరే మూలం నుంచి వాడుకోవచ్చని సర్వరు బ్రౌజరుకు చెప్పే మాట) పెట్టండి.

లాగిన్, అభిరుచుల పేజీల్లో ‘కామన్ సీఎస్ఎస్’ (నిర్వాహకులు వికీ అంతటికీ స్టైల్ రాసే పేజీ) నడవకుండా మీడియావికీ కావాలనే ఆపింది. సంకేతపదాలున్న చోట నిర్వాహకులు రాసిన స్టైల్ కూడా ప్రమాదమే. ఆ సెట్టింగు తీయకండి. లోకల్ సెట్టింగ్స్ ఫైలులో హుక్ (మీడియావికీ పనిలో మన కోడును తగిలించే చోటు) ద్వారా మీ ఉమ్మడి ఫైలును జతచేయండి.

ఓపెన్‌సోర్స్ లైసెన్సుల్లో ఎంఐటీ సరిపోతుంది. అపాచీ 2.0 వద్దు. పీహెచ్‌పీబీబీ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్‌కే కట్టుబడి ఉంది, ఆ రెండిటికీ పొసగదు. ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటిదైతే అవన్నీ ఓఎఫ్ఎల్ (ఫాంట్ల కోసం చేసిన ఓపెన్ లైసెన్సు) కింద ఉన్నాయి. ఆ లైసెన్సు ప్రతిని ఫాంటుతోపాటే ఉంచండి. ఫైలును ఎక్కడ పెట్టారో ఇక్కడ చెబితే ద్రుపల్ వాడే గ్రంథాలయాలకు కావలసిన అతుకు నేను రాసి పంపుతాను.