ప్రొటీన్లు కొన్నాళ్ళకే పోతే చిన్నప్పటి ఎక్కం ఇంకా ఎలా గుర్తుంటోంది?

బయోకెమ్_ఫస్టియర్:
ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ మొదటి సంవత్సరం అండి. మా అమ్మమ్మకి 76. పొద్దున బీపీ మాత్ర వేసుకుందో లేదో గుర్తుండదు, స్ట్రిప్ చేతిలో పట్టుకుని ఖాళీ గుంటలు లెక్కపెట్టుకుంటూ నిలబడిపోతుంది. అదే మా తమ్ముడు ఎక్కాల దగ్గర తడబడితే మాత్రం వంటింట్లోంచే "పంతొమ్మిది ఎనిమిదులు నూట యాభై రెండు" అని అందిస్తుంది, నాలుగో క్లాసులో నేర్చుకుందట. ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, జ్ఞాపకాన్ని నిలబెట్టేవి కామ్‌కే-2 లాంటి సిగ్నలింగ్ ప్రొటీన్లు అని చెప్తున్నారు, మళ్ళీ అదే క్లాసులో సినాప్స్ (ఒక న్యూరాన్ ఇంకోదానికి సిగ్నల్ అందించే చోటు) ప్రొటీన్లు చాలావరకు కొన్ని రోజులకో వారాలకో విరిగిపోయి కొత్తవి వస్తాయనీ చెప్తున్నారు. మరి అప్పటి ప్రొటీన్ ఒక్కటి కూడా మిగలనప్పుడు ఎక్కం ఎక్కడుందండీ?

న్యూరాన్_పిచ్చి:
అసలైన చోట పట్టుకున్నారు. 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ అడిగింది కూడా ఇదే, డీఎన్ఏ ఆకారం కనిపెట్టిన క్రిక్కే. దానికి జాన్ లిస్మన్ అనే న్యూరోసైంటిస్ట్ ఇచ్చిన ఐడియా నాకు పెరుగు తోడులా అనిపిస్తుంది. నిన్నటి పెరుగు నిన్ననే తినేశాం, ఈ రోజు పాలు వేరే, కానీ ఒక చెంచా తోడు వేస్తే మళ్ళీ అదే పెరుగు. సినాప్స్‌కి గట్టి సిగ్నల్ వస్తే అక్కడ తలుపులా ఉండే ప్రొటీన్ ఎన్ఎండీఏ రిసెప్టర్‌కి బిరడాలా అడ్డున్న మెగ్నీషియం తప్పుకుంటుంది, కాల్షియం లోపలికొస్తుంది, అది ఇంకో ప్రొటీన్ అయిన కాల్మోడ్యులిన్‌ని పట్టుకుంటుంది, ఆ జంట వెళ్ళి కామ్‌కే-2ని లేపుతుంది. కామ్‌కే-2 అంటే 12 ముక్కలు కలిసిన గుత్తి, లేచిన ముక్క తన పక్క ముక్కలోని 286వ అమైనో ఆమ్లమైన థ్రియోనిన్‌కి ఫాస్ఫేట్ అంటిస్తుంది, అది అంటాక కాల్షియం వెళ్ళిపోయినా ఆ ముక్క పూర్తిగా ఆగదు. కాబట్టి పాత ముక్క పోయి కొత్తది వచ్చినా పక్కనున్నవి దానికీ తోడు వేస్తాయి అన్నది లిస్మన్ లెక్క. 1998లో ఎలుకల్లో ఆ ఒక్క థ్రియోనిన్‌ని అలనిన్‌గా మారిస్తే నీళ్ళ తొట్టిలో మునిగున్న మెట్టు ఎక్కడుందో అవి నేర్చుకోలేకపోయాయి, ఒకే ఒక్క అమైనో ఆమ్లం! అన్నట్టు ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణాలకి ఇంధనం లాంటి ఏటీపీ నుంచే, 1929లో దాన్ని కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారూ ఉన్నారు, నాకు ఈ టాపిక్ చదివినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్:
తోడు పోలిక బాగుంది కానీ కామ్‌కే-2 దగ్గరే ఆగొద్దు. 2009లో సినాప్స్ ఉండే ఒక్కొక్క చిన్న బుడిపెలో, అంటే స్పైన్‌లో లైవ్‌గా చూస్తే కామ్‌కే-2 చురుకు కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోయింది. అంటే నేర్చుకోవడం మొదలవ్వడానికి అది కావాలి, అరవై ఏళ్ళు కాపలా కాసేది అదేనని చెప్పలేం. ఆ కాపలాకి పీకేఎం జీటా అనే ఇంకో కైనేజ్ (ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్) అన్నారు, 2013లో ఆ జీన్ తీసేసిన ఎలుకలు కూడా మామూలుగానే గుర్తుపెట్టుకోవడంతో అందరూ దాన్ని వదిలేసినంత పని చేశారు, తర్వాత తేలిందేంటంటే అది లేకపోతే దాని చుట్టం ఇంకో కైనేజ్ ఆ పని చేస్తోందని. 2024లో వచ్చిన పేపర్ తప్పకుండా చదవండి. బలపడిన సినాప్స్‌ దగ్గర కిబ్రా అనే ప్రొటీన్ గుర్తులా ఉంటుంది, పాత పీకేఎం జీటా పోయినా కొత్తది అక్కడికే వచ్చి కిబ్రాకి అతుక్కుంటుంది, ఈ రెండూ కలవకుండా చేస్తే ఎలుకల్లో నెల నాటి జ్ఞాపకం కూడా పోయింది. మీ ప్రశ్నకి ప్రస్తుతానికి నాకు బాగా నచ్చిన జవాబు ఇదే. మనుషుల్లో అరవై ఏళ్ళ దాకా ఇదే నడుస్తుందని మాత్రం ఇంకా ఎవరూ చూపించలేదు.

సముద్రపు_నత్త:
చిన్నప్పుడు ఎక్కం రోజూ అప్పజెప్పించుకునేవారు కదా, దాని గురించి కూడా ఒక మాట. ఎరిక్ కాండెల్‌కి 2000లో నోబెల్ వచ్చింది అప్లీసియా అనే సముద్రపు నత్త మీద పనికే, దానికి న్యూరాన్లు దాదాపు 20,000 మాత్రమే, కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి. తోక మీద ఒక్కసారి షాక్ ఇస్తే సెరొటోనిన్ వల్ల పీకేఏ అనే కైనేజ్ లేచి సినాప్స్‌ని కొద్దిసేపు బలపరుస్తుంది, అంతే, నిమిషాల వ్యవహారం. అదే గ్యాప్ ఇస్తూ నాలుగైదు సార్లు ఇస్తే పీకేఏ న్యూక్లియస్ దాకా వెళ్ళి జీన్లని ఆన్ చేసే ప్రొటీన్ క్రెబ్‌ని లేపుతుంది, జీన్లు ఆన్ అవుతాయి, కొత్త ప్రొటీన్లు, కొత్త సినాప్స్‌లు, జ్ఞాపకం రోజుల తరబడి ఉంటుంది. మీ అమ్మమ్మగారి ఎక్కం ఇలా కొన్ని వందల సార్లు పడి ఉంటుంది, మాత్ర వేసుకున్న సంగతి ఒక్కసారే. పైగా కొత్త జ్ఞాపకం కట్టడానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి, ఎప్పుడో కుదురుకున్న పాతవాటికి దాని అవసరం అంతగా ఉండదు.

బయోకెమ్_ఫస్టియర్:
చాలా చాలా థాంక్స్ అండి అందరికీ, తోడు మాట రాత్రి అమ్మమ్మకి చెప్తే "మరి చెంచా ఎవరు వేస్తారే" అంది, అప్పుడు కిబ్రా గురించి చెప్పాను.

న్యూరాన్_పిచ్చి:
నిజంగా అదే అడగాల్సిన ప్రశ్న, ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. ఇంకోటి, మాత్ర మర్చిపోవడం ఈ మధ్యే మొదలైతే వయసు కదా అని వదిలేయకండి. బీ12 తగ్గినా థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, అవి మందులతో బాగుపడే అవకాశం ఉన్నవే. డాక్టర్‌కి చూపించి ఆ రెండు రక్తపరీక్షలు చేయించండి, ఒకే మాత్ర రెండుసార్లు పడకుండా వారాల డబ్బా కూడా ఒకటి కొనండి.