అమ్మ గదిలో హీటర్ రాత్రంతా ఉంచొచ్చా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్. అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చలికి నిద్ర పట్టడం లేదంటే 2000 వాట్ల రాడ్ హీటర్ కొన్నాను. మంచం పక్కన టీవీ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాను. నిన్న తెల్లవారుజామున ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, ప్లాస్టిక్ కాలిన వాసన. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. దీనికన్నా కుంపటి నయమా?

జవాబు: ముందు ఆ బాక్స్ తీసేయండి అన్నా. నేను వైరింగ్ పని చేస్తాను, ఇలా నల్లబడ్డ ప్లగ్గులు ప్రతి చలికాలం చూస్తుంటాను. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల సాకెట్టుకే నేరుగా పెట్టాలి. కాలిన ప్లగ్గు మార్పించకుండా మళ్లీ వాడొద్దు.

జవాబు: కుంపటి మాత్రం వద్దండీ, దయచేసి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. మా అత్తయ్యకు పడుకునే ముందు అరగంట హీటర్ వేసి, ఆపేసి, కాళ్ల దగ్గర వేడినీళ్ల బ్యాగు గుడ్డలో చుట్టి పెడతాను.

జవాబు: దుప్పటి, చీర కొంగు, కర్టెన్ అన్నీ హీటర్‌కి 3 అడుగుల దూరంలో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: బాక్స్ తీసేశాను. 16 ఆంపియర్ల సాకెట్టు వంటింట్లోనే ఉంది, రేపు అమ్మ గదిలోకి లైను వేయిస్తున్నాను. ఈ రాత్రికి రెండు రగ్గులు, వేడినీళ్ల బ్యాగు.