హెలికాప్టర్ అన్న మాటను ఎక్కడ విరవాలి?

ప్రశ్న: హెలిప్యాడ్, హెలిపోర్టు అనే మాటలు ఒకవైపు, క్వాడ్‌కాప్టర్ (నాలుగు రెక్కల చక్రాల డ్రోను) అనే మాట మరొకవైపు వాడుకలో ఉన్నాయి కనుక హెలికాప్టర్ అన్న పదాన్ని హెలి, కాప్టర్ అని విడదీయవచ్చునా? ఇందులోని హెలికీ, సూర్యుడి పేరుతో ఏర్పడిన హీలియం అన్న మాటకూ సంబంధం ఉందా? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం: సూర్యుడితో ఏ సంబంధమూ లేదండీ. ఈ పదాన్ని 1861లో ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ పాంటన్ దామెకూర్ రెండు గ్రీకు మాటలతో కూర్చాడు. హెలిక్స్ అంటే మెలిక, అంటే మరమేకు ఒంటిమీద చుట్లు చుట్లుగా దిగే గాడి వంటి ఆకారం. సమాసంలో అది హెలికో అవుతుంది. ప్టెరాన్ అంటే రెక్క. కనుక పదాన్ని విరవవలసిన చోటు హెలికో, ప్టెర్ అన్న రెండింటి నడుమ. హెలి, కాప్టర్ అని విరవడం దేవాలయాన్ని దేవా, లయం అని విరిచినట్లే అవుతుంది. అయినా జనం నోట పడ్డ తరువాత మాట తన దారి తాను చూసుకుంటుంది కాబట్టి, హెలిప్యాడ్‌నూ క్వాడ్‌కాప్టర్‌నూ తప్పులని ఇప్పుడు కొట్టివేయలేము.

జంతుశాస్త్రం చదివినవారికి ప్టెర్ కొత్త కాదు. ఈగలూ దోమలూ చేరిన వర్గానికి డిప్టెరా, అంటే రెండు రెక్కలవి, అని పేరు. మనకు మరింత దగ్గరి చుట్టం సంస్కృతంలో ఉంది. ప్టెరాన్, పత్రం అనేవి ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. వినాయక చవితికి పత్రి తెచ్చుకునే మనకు పత్రం అనగానే ఆకు గుర్తుకు వస్తుంది గాని, ఆ మాటకు రెక్క అనే అర్థం కూడా ఉంది; అందుకే సంస్కృతంలో పత్రి అంటే పక్షి కూడా. ఎగరడమూ పడడమూ రెండూ ‘పత్’ ధాతువుకు అర్థాలే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడవేస్తుంది, ఎందుకంటే తొలినాటి హెలికాప్టర్ల చరిత్రలో ఆ రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి.

నిజానికి పేరు ముందు పుట్టింది, వస్తువు చాలా కాలానికి వచ్చింది. దామెకూర్ ఆవిరితో నడిచే చిన్న నమూనాను చేయించాడు గాని అది నేల విడిచి లేవలేదు. 1907లో ఫ్రాన్సులోనే పాల్ కొర్ను తన యంత్రంలో కూర్చుని అడుగు ఎత్తు లేచాడని చెబుతారు. రష్యా సామ్రాజ్యంలోని కీవ్‌లో ఇగోర్ సికోర్‌స్కీ 1909, 1910 సంవత్సరాలలో రెండు యంత్రాలు కట్టాడు. రెండవది తన బరువును తాను ఎత్తుకోగలిగింది గాని మనిషిని మోయలేకపోయింది. ఆయన ఆ పని పక్కన పెట్టి విమానాల నిర్మాణంలోకి వెళ్లి, అమెరికా చేరి, దాదాపు 30 ఏళ్ల తరువాత మళ్లీ దాని దగ్గరికే వచ్చాడు.

ఇక్కడ పేరును గురించి ఒక మాట చెప్పాలి. హెలికాప్టర్ అన్న పదం పైకెత్తే రెక్కను మాత్రమే చెబుతుంది. అసలు చిక్కు ఆ పదంలో లేదు. వంటింట్లో మిక్సీ మీట తిప్పగానే, జారులోని బ్లేడు ఒక వైపు తిరగబోతే మిక్సీ మొత్తం రెండో వైపుకు చటుక్కున ఒక కుదుపు కుదుపుతుంది. అడుగున రబ్బరు కాళ్లు గట్టును పట్టుకుని ఉండడం వల్ల అది అక్కడితో ఆగుతుంది. గాలిలో ఉన్న యంత్రానికి పట్టుకోవడానికి గట్టు ఏది? పైన రెక్కలు ఒక వైపు తిరిగితే, కింద మనిషి కూర్చున్న భాగం ఎదురు వైపు గిరగిరా తిరిగిపోతుంది. కొర్ను వంటివారు ఎదురెదురుగా తిరిగే రెండు రెక్కల చక్రాలు పెట్టి దీనిని సరిచేశారు. సికోర్‌స్కీ మాత్రం వీఎస్-300 అనే యంత్రంలో పైన ఒక్క చక్రాన్నే ఉంచి, తోక చివర నిలువుగా తిరిగే చిన్న రెక్కలను అమర్చి, ఆ తోపుడుతో తిరుగుడును ఆపాడు.

1939 సెప్టెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, 75 అశ్వశక్తి ఇంజనుతో, మూడు రెక్కల చక్రంతో, తాళ్లతో బరువులకు కట్టి ఉంచిన ఆ యంత్రాన్ని ఆయనే నడిపి కొన్ని క్షణాలపాటు నేల నుంచి లేపాడు. పై రెక్కల వాలును తిరుగుతున్నప్పుడే మార్చి యంత్రాన్ని అదుపు చేసే ఏర్పాటు మొదట సరిగా కుదరలేదు. దానిని తీసివేసి, తోక దగ్గర అడ్డంగా తిరిగే మరో రెండు చిన్న చక్రాలను చేర్చి, 1940 మే 13న కట్లు లేకుండా ఎగిరారు. 1941 మే 6న అది 1 గంట 32 నిమిషాలకు పైగా గాలిలో నిలిచి, జర్మనీ యంత్రం ఎఫ్‌డబ్ల్యూ-61 పేరిట ఉన్న రికార్డును దాటింది. ఆ ఏడాది చివరికి అదనపు చక్రాలన్నీ పోయి, పైన ఒకటి, తోకకు ఒకటి మిగిలాయి. ఈనాడు మన తలల మీదుగా పోయే హెలికాప్టర్లలో అత్యధికం అదే రూపంలో ఉన్నాయి.

ప్రశ్న: వివరణకు ధన్యవాదాలండీ. అయితే దీనికి తెలుగు పేరు ఏదైనా సూచించగలరా?

సమాధానం: హెలికాప్టరు అన్న మాట పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కనుక దానిని మార్చవలసిన అవసరం నాకు కనబడదు. సంస్కృతంలో పక్షికి పత్రరథం అని ఒక పేరుంది, అమరకోశంలోనూ ఉంది. హెలికాప్టర్ రెక్కల చక్రాన్ని ఇంగ్లీషులో రోటర్ అంటారు; దానికి మూలమైన రోటా అనే లాటిన్ మాట, మన రథం ఒకే కుదురువి కనుక, ఆ ఒక్క సమాసంలో ప్టెరాన్ చుట్టమూ రోటర్ చుట్టమూ కలిసి కూర్చున్నాయి. దానిని చూసి మురిసిపోవచ్చు గాని యంత్రానికి పేరుగా పెట్టమని నేను అనను.

పేరు కావలసింది తోక చివరి ఆ చిన్న చక్రానికి. దానిని తోకపంకా అంటే బాగుంటుందని నా అభిప్రాయం. పంకా ఇంటింటా ఉన్న వస్తువు, వినగానే బొమ్మ కళ్లకు కడుతుంది. పైగా అది హిందీలోని పంఖా నుంచి మనకు వచ్చింది. పంఖ్ అంటే రెక్క, దాని మూలం సంస్కృతంలోని పక్షం.