డిప్రెషన్ మాత్ర పొద్దునా, రాత్రా? నిద్ర లెక్క తేల్చుకుందాం

తుంగభద్ర గట్టు (కర్నూలు):
ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ ఒకరి చీటీలో పొద్దున అని ఉంటాది, ఇంకొకరి చీటీలో రాత్రి అని. డిప్రెషన్ మాత్ర అంటేనే నిద్రమాత్ర అనుకునేవాళ్ళు ఇంకా ఉండారు. ఏ మందు నిద్ర చెడగొడ్తాది, ఏది మబ్బుగా పడేస్తాది? తెలిసినోళ్ళు చెప్పండప్పా.

మందులంగడి (కడప):
రెండు చీటీలూ సరైనవే. ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు పడుతుంది, సెర్ట్రలిన్‌కు 26. కాబట్టి మనసు మీద పనిచేయడానికి వేళతో పట్టింపు లేదు. వేసుకున్న తొలి గంటల్లో చురుకు పుడుతుందా, మత్తు వస్తుందా అన్నదే చూడాల. నిద్ర పట్టకుంటే పొద్దున టిఫిన్ తర్వాత, తూగొస్తే రాత్రికి. ఫ్లూయాక్సెటిన్ అయితే చురుకు ఎక్కువ, పొద్దునే మేలు. బుప్రోపియాన్ సందేళ వేసుకుంటే ఆ రాత్రి జాగారమే.
రాత్రి నుంచి పొద్దుటికి మార్చమని డాక్టర్ చెప్తే, రాత్రి 9కి వేసుకున్నాక తెల్లారి మళ్ళీ వేసుకోవద్దు. రోజుకు కొన్ని గంటలు వెనక్కి జరుపుతూ పోవాలా, ఒక పూట వదిలేయాలా అన్నది అడిగి రాయించుకోండి. వెన్లాఫాక్సిన్‌తో ఈ ఆట అసలొద్దు. అది 5 గంటల్లోనే సగమైపోతుంది. ఒక్క పూట తప్పినా తల తిరగడం, ఒళ్ళు జలదరించడం, పిచ్చి కలలు.

పెన్నేటి ఇసుక (కడప):
కలల సంగతి కొంచెం విడమరిచి చెప్తా. డిప్రెషన్లో కలలు కనే నిద్ర తొందరగా వచ్చేస్తుంది, తెల్లారుజామున 3కే మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడదు. ఎస్సెస్సారై మందులు (ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటివి) ఆ కలల నిద్రను వెనక్కి నెట్టి తగ్గిస్తాయి, మధ్యమధ్య మెలకువలు మాత్రం పెంచుతాయి. కల మధ్యలో లేస్తాం కాబట్టే అది కళ్ళకు కట్టినట్టు గుర్తుంటుంది. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకునే పని కాదు. మందు ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న ఆ నిద్ర ఎగదన్నుకొస్తుంది, పీడకలలు గుంపుగా దిగుతాయి. అందుకే తగ్గించేటప్పుడు మెట్లు మెట్లుగా తగ్గిస్తారు.
ఇంకోటి. నిద్ర ఒక వారంలో కుదురుకున్నా, మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితానికి 6 నుంచి 8 దాకా పడుతుంది. నాలుగో రోజే "పనిచేయలేదు" అని తీర్పు చెప్పొద్దు.

శనక్కాయ చేను (అనంతపురం):
అన్నా, మిర్టాజాపిన్ గురించి ఎవురూ చెప్పలే. దాన్ని రాత్రికే ఇస్తారు, నిద్ర కోసమూ ఆకలి కోసమూ.

మందులంగడి (కడప):
చెప్తా. 7.5, 15 ఎంజీలో మత్తు ఎక్కువ, 30కి పెంచితే కొందరికి తగ్గుతుంది. తక్కువ డోసులో హిస్టమిన్‌ను (మెదడును మెలకువగా ఉంచే రసాయనం) అడ్డుకోవడమే ముందుంటుంది, పైకి పోతే చురుకు పుట్టించే పని తోడవుతుంది. అందుకే "డోసు పెంచితే నిద్ర పెరుగుతుంది" అని సొంతంగా రెండు వేసుకోవడం దండగ. దీంతో సంగటి ముద్దలు రెట్టింపవుతాయి, బరువు చూసుకోవాల. కాళ్ళు పీకడం, కదపకుండా ఉండలేకపోవడం కొత్తగా మొదలైతే ఆ మాట డాక్టరుకు చెప్పాల. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) తక్కువుంటే ఇది ఇంకా ముదురుతుంది, ఆ రక్త పరీక్ష చేయించుకోవడం మంచిది.

నల్లరేగడి (కర్నూలు):
ఎండాకాలం మిద్దె మీద పడుకునేవాళ్ళకు ఒక మాట. ట్రాజోడోన్, అమిట్రిప్టిలిన్ లేచి నిలబడగానే బీపీ దించుతాయి. అర్ధరాత్రి ఒంటికి లేచి, పిట్టగోడ లేని మిద్దె అంచుకు పోతే ఏమైతాదో చెప్పక్కర్లే. ముందు లేచి కూచోని రెండు నిమిషాలాగి అప్పుడు నిలబడండి. ముసలోళ్ళను కిందనే పడుకోబెట్టండి. అమిట్రిప్టిలిన్‌తో నోరెండుతుంది, మలబద్ధకం, ప్రోస్టేట్ వాపు ఉన్నోళ్ళకు ఒంటికి ఆగిపోతుంది. ఇంకో తికమక: 10 ఎంజీ బిళ్ళ నరాల నొప్పికీ, తలనొప్పికీ రాస్తారు, అది డిప్రెషన్ డోసు కాదు. డిప్రెషన్‌కు 75 అట్లా పోవాల.

శనక్కాయ చేను (అనంతపురం):
మొదట్లో నిద్రకని క్లోనాజెపామ్ మత్తు మాత్ర కూడా కలిపి ఇస్తాండారు కదా, అది ఎన్ని రోజులు?

నల్లరేగడి (కర్నూలు):
అసలు మందు పట్టుకునేదాకా అదొక ఊతకర్ర. సాధారణంగా 2 నుంచి 4 వారాలే, ఆ తర్వాత మెల్లగా దించాల. పాత చీటీ చూపించి నెలలకొద్దీ తెచ్చుకుంటే అలవాటు పడతాది, ఆపితే నిద్ర ఇంకా చెడతాది. సారాయి, కల్లు, బీరు ఏదైనా సరే దీనితో కలిపితే ఊపిరి మందగిస్తాది. 44వ నంబరు హైవే మీద రాత్రి లారీ తోలేవాళ్ళు మత్తు మందు కొత్తగా మొదలుపెట్టిన వారం స్టీరింగ్ పట్టుకోవద్దు.

పెన్నేటి ఇసుక (కడప):
గురక గట్టిగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్ళు చెప్తే మందు మార్చేముందు స్లీప్ పరీక్ష అడగండి. రాత్రి చెమట తడిసిముద్దవడం ఎస్సెస్సారైలతోనూ వెన్లాఫాక్సిన్‌తోనూ వస్తుంది, దాన్ని కడప ఎండ ఖాతాలో వేసి ఊరుకోవద్దు.
ఇది మాత్రం జాగ్రత్త: 3 గంటలే పడుకున్నా అలుపు లేదు, మాట ఆగదు, డబ్బు నీళ్ళలా ఖర్చవుతోందంటే అది మందు "పనిచేయడం" కాదు, మేనియా (హుషారు హద్దు మీరే జబ్బు) కావొచ్చు, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. 25 ఏళ్ళ లోపు వాళ్ళలో తొలి వారాల్లో నిద్రలేమితో పాటు కాలు నిలవని ఆరాటం, చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా వదలొద్దు. 14416 టెలి మానస్‌కు (సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సాయం) పగలూ రాత్రీ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):
సరే, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఏం రాసుకోవాల?

మందులంగడి (కడప):
ఒక నోటు పుస్తకంలో 2 వారాలు: మాత్ర వేసుకున్న టైము, మంచమెక్కింది, నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచింది, ఆఖరుగా లేచింది, పగటి కునుకు, ఆఖరి టీ కాఫీ ఎప్పుడు. టీ మధ్యాహ్నం 2 దాటితే వద్దు. ఒళ్ళునొప్పికి తెచ్చుకున్న ట్రామడాల్, దగ్గు సిరప్పు, గ్యాసుకని వాడే ఒమెప్రజోల్ కూడా రాయండి. ఒమెప్రజోల్ ఎస్సిటాలోప్రామ్ మోతాదును రక్తంలో పెంచుతుంది, ట్రామడాల్ ఏ ఎస్సెస్సారైతోనూ పొత్తు కుదిరేది కాదు.