క్లాసులో పిల్లాడికి విసుగొస్తే తప్పెవరిది?

కొత్తపేట అమ్మ:
మా అబ్బాయి ఎనిమిదో తరగతి. లెక్కల పీరియడ్ అంటే చాలు, మొహం మాడ్చుకుంటాడు. "బోర్ కొడతందమ్మా" అంటాడు. శ్రద్ధ లేదని టీచరు గారు, బద్ధకమని వాళ్ల నాన్న. ఇంట్లో పాడైన ఫ్యాను విప్పి మళ్లీ బిగించే పిల్లాడికి శ్రద్ధ లేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. లోపం పిల్లాడిదా, పాఠానిదా?

లంక రైతు, ముమ్మిడివరం:
మా రోజుల్లో విసుగని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఇరవయ్యో ఎక్కం దాకా వల్లె వేయించారు. ఇవాళ కాటా దగ్గర నన్నెవరూ మోసం చేయలేరు. రీల్సుకి అలవాటుపడ్డ పిల్లలకి మాస్టారు కూడా ఆటాపాటా చూపించాలంటే ఎలాగండీ? ఓర్చుకోవడం కూడా చదువే.

లెక్కల మాస్టారు, రాజోలు:
ఓర్పు కావాలన్నది నేనూ కాదనను. కానీ విసుగు ఊరికే పుట్టదు. జర్మనీలో రైన్‌హార్డ్ పెక్రూన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. చేసే పని మన వల్ల కాదనిపించినా, మరీ తేలికైపోయినా, దాని ప్రయోజనం కనపడకపోయినా విసుగొస్తుందంటారాయన. యూనివర్సిటీ విద్యార్థుల్ని ఒక విద్యా సంవత్సరం పాటు గమనించి ఆయన బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, విసుగు ఎక్కువున్నవాళ్లకి తర్వాతి పరీక్షల్లో మార్కులు తగ్గాయి. మార్కులు తగ్గినవాళ్లకి విసుగు ఇంకా పెరిగింది. అందుకే "ఓర్చుకో, అదే సర్దుకుంటుంది" అనడానికి నాకు మనసొప్పదు.

నా క్లాసులో జరిగింది చెప్తాను. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,300 రూపాయలు. మన బస్తా 75 కిలోలు. బస్తాకెంత అని అడిగాను. ఎప్పుడూ ఆవలించే చివరి బెంచీ కుర్రాడు పెన్ను ముట్టకుండా "సగం 1,150, అందులో సగం 575, మొత్తం 1,725" అనేశాడు. అదే లెక్క బోర్డు మీద 3/4 × 2,300 అని రాస్తే తల దించుకున్నాడు. వాడికి లెక్క వచ్చు, భిన్నం రాసే పద్ధతే రాదు. అది కింది తరగతుల్లోనే వదిలేసుకొచ్చాడు. అర్థంకాని బోర్డుని రోజూ పీరియడంతా చూస్తూ కూర్చోమంటే పెద్దవాళ్లం మనం కూర్చుంటామా?

డిగ్రీ విద్యార్థిని, తణుకు:
నాది ఇంకో రకం, మాస్టారూ. లెక్క అందరికంటే ముందే అయిపోయేది. మిగతావాళ్లయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనేవారు. ఇంటర్లో అయితే పొద్దున్న లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా అవే బిట్లు. మార్కులు బాగానే వచ్చాయి కాబట్టి నా విసుగు ఎవరికీ పట్టలేదు. పరీక్షలయ్యాక ఫిజిక్స్ పుస్తకం మళ్లీ తెరవబుద్ధి కాలేదు. ఎంతో ఇష్టమైన సబ్జెక్టది.

లంక రైతు, ముమ్మిడివరం:
అమ్మాయి చెప్పింది బాధగానే ఉంది. అయినా అడుగుతాను. వల్లె వేయకుండా ఎక్కాలొస్తాయా? అంతమంది పిల్లలున్న క్లాసులో ఒక్కొక్కడికీ ఒక్కో లెక్క ఇవ్వడం అయ్యే పనేనా?

లెక్కల మాస్టారు, రాజోలు:
ఎక్కాలు వల్లె వేయాల్సిందేనండీ. పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు, అంతే. ఒక్కొక్కడికీ ఒక్కో లెక్క కుదరదు, మూడు జట్లు కుదురుతాయి. ఒక జట్టు బస్తా ధర కడుతుంది. రెండోది ఎకరానికి 30 బస్తాలు పండితే కౌలు పోను రైతుకేం మిగులుతుందో చూస్తుంది. తొందరగా ముగించే పిల్లలకి, తేమ ఉందని బస్తాకి 2 కిలోలు కోస్తే నష్టం ఎంత శాతమని అడుగుతాను. పోర్షన్ వెనకబడుతుంది, పైవాళ్లు అడుగుతారు, నిజమే. కానీ భిన్నాలు రాని పిల్లాడి దగ్గర పోర్షన్ పూర్తయిందంటే అది రిజిస్టర్లో పూర్తయినట్టే.

అమ్మా, మీ అబ్బాయిది గవర్నమెంటు స్కూలైతే, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు ఉంటున్నాయి. బోరన్న పాఠాన్నే తెలుగులో చదివించండి. ఎక్కడ ఆగిపోతున్నాడో చూడండి, తిట్టకుండా.

కొత్తపేట అమ్మ:
గవర్నమెంటు స్కూలేనండి. రాత్రి పక్కన కూర్చుని చదివించాను. లెక్క చదవగానే ఎలా చెయ్యాలో నోటితో చెప్పేశాడు. భాగహారంలోకి దిగేసరికి చుక్క ఎక్కడ పెట్టాలో తెలీక, "బోర్" అని పుస్తకం మూసేశాడు. ఈసారి మీటింగులో శ్రద్ధ సంగతి ఎత్తను. దశాంశాలు మొదట్నుంచి ఎవరు చెప్తారో అడుగుతాను.