డిస్ట్రిక్ట్ నర్స్ పీజీ అప్రెంటిస్‌షిప్: నిజంగా చదివిస్తారా, డ్యూటీ రోటా నింపుకుంటారా?

మంగళగిరి_టు_లీడ్స్:
యూకేలో ఉన్న తెలుగు నర్సులు ఎవరైనా కాస్త చెప్పండి. నేను మెడికల్ వార్డులో చేసి తర్వాత కమ్యూనిటీ టీమ్‌కి మారాను, బ్యాండ్ 5 (ఇక్కడ ప్రభుత్వ వైద్యసేవలో నర్సుల మొదటి జీతం గ్రేడు), ఇళ్ళకెళ్ళి ఇన్సులిన్లు ఇవ్వడం, కాలి పుండ్లకి డ్రెస్సింగులు, కేథటర్లు ఇదే పని. ఇప్పుడు మా టీమ్ లీడర్ డిస్ట్రిక్ట్ నర్స్ (ఇలా ఇళ్ళకెళ్ళే టీమ్‌ని నడిపించే నర్స్) అప్రెంటిస్‌షిప్‌కి అప్లై చెయ్యమంటోంది. జీతం తీసుకుంటూనే యూనివర్సిటీలో పీజీ లెవెల్ చదువు, పాసయితే ఎన్ఎంసీ (యూకేలో నర్సుల్ని రిజిస్టర్ చేసే సంస్థ) రిజిస్టర్‌లో మన పేరు పక్కన ఎస్‌పీక్యూ అని స్పెషలిస్ట్ క్వాలిఫికేషన్ ఎక్కుతుంది, ఫీజు మనం కట్టక్కర్లేదు. వినడానికి బానే ఉంది కానీ మా టీమ్‌లో ఒకావిడ కళ్ళు మూసుకుని చేరిపో అంటే ఇంకొకావిడ నీ చేత బ్యాండ్ 6 పని బ్యాండ్ 5 జీతానికి చేయించుకుంటారు అంటోంది. పాప ఇంకా చిన్నది, వీసా స్పాన్సర్‌షిప్ మీద ఉన్నాం. ఏం చెయ్యాలో తేలట్లేదు.

ఓరుగల్లు_నర్స్:
నా మాట వింటే ఒద్దు చెల్లె. పేరు చెప్పను గానీ నేను ఇదివరకు చేసిన టీమ్‌ల ఒకామె ఇట్లనే చేరింది. కాయితం మీద చూస్తే వారంల ఒకరోజు యూనివర్సిటీ, ఇంకొంత టైమ్ చదువుకోనీకి. నిజంగ ఏమైతదంటే పొద్దున ఎవరో సిక్ అని ఫోన్ చేస్తరు, పదిమంది పేషంట్లు మిగిలిపోతరు, ఇంకెవరు పోతరు, ఆమెనే పోతది. అసైన్‌మెంట్లు రాత్రి పిల్లలు పండుకున్నంక రాసుకునేది. కోర్సు అయిపోయేసరికి మనిషి సగమైంది. అసలు ఈ స్కీమ్ ఎందుకు ముందుకు తెస్తున్నరంటే మనుషులు లేరు గనుక. 2019ల నర్సుల యూనియన్ ఆర్‌సీఎన్, కమ్యూనిటీ నర్సుల సంస్థ క్వీన్స్ నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఇచ్చిన రిపోర్టు చూడున్రి, ఇంగ్లండ్ మొత్తంల క్వాలిఫైడ్ డిస్ట్రిక్ట్ నర్సులు 4 వేల చిల్లర, పదేండ్లల దగ్గరదగ్గర 43 శాతం తగ్గిన్రు. ఆ ఖాళీని ఎవరితోనన్న నింపాలె గద, మనం దొరికినం.

కమ్యూనిటీ_అక్క:
ఓరుగల్లు గారు చెప్పింది జరగదు అని నేననను, జరుగుతుంది. కానీ నేను ఇదే దారిలో డిస్ట్రిక్ట్ నర్స్ అయ్యాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు చెల్లీ.

ఇప్పుడు నువ్వు బ్యాండ్ 5గా పొద్దున్నే లిస్టు తీసుకుంటావు, ఇల్లిల్లూ తిరుగుతావు, నోట్స్ రాస్తావు. డిస్ట్రిక్ట్ నర్స్ చేతిలో మొత్తం కేస్‌లోడ్, అంటే ఆ టీమ్ పేషంట్లందరి బాధ్యత, ఉంటుంది. హాస్పిటల్లో అయితే బెడ్లు నిండాయి అనొచ్చు, మనకి ఆ మాట అనే వీల్లేదు, రిఫరల్ వచ్చిందంటే ఆ మనిషి మనవాడే. ఇవాళ ఎవరింటికి తప్పకుండా వెళ్ళాలి, ఎవరిది రేపటికి జరిపినా ప్రమాదం లేదు, ఏ పని హెల్త్‌కేర్ అసిస్టెంట్‌కి అప్పజెప్పొచ్చు, అప్పజెప్పాక అది సరిగ్గా జరిగిందో లేదో ఎవరు చూడాలి, ఇవన్నీ నువ్వే తేల్చాలి. దీన్ని ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే తప్ప ఊరికే ఏళ్ళు గడిస్తే రాదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ఒక ఉదాహరణ. కాలి పుండు ఉన్న పెద్దాయనకి రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ జరుగుతూ ఉంటుంది, ప్రతి నర్సూ శుభ్రంగానే కట్టి వస్తుంది, అయినా నెలల తరబడి మానదు. అసలు డాప్లర్ (కాలికి రక్తం ఎలా అందుతోందో చూసే పరీక్ష) చేశారా, ఏబీపీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే లెక్క) ఎంతుంది, 0.8 కంటే తక్కువుంటే రక్తం సరిగ్గా అందట్లేదేమో, అప్పుడు గట్టి కంప్రెషన్ (కాలిని బిగించే కట్టు) కట్టకూడదు, వాస్క్యులర్ (రక్తనాళాల) వాళ్ళకి పంపాలి, బాగుంటే మాత్రం కంప్రెషన్ ఎందుకు మొదలుపెట్టలేదు? ఈ ప్రశ్న అడిగే మనిషి ఒకరు టీమ్‌లో ఉండాలి. చివరి రోజుల్లో ఇంట్లోనే ఉంటానన్న పేషంటు సంగతీ అంతే, నొప్పికీ ఆయాసానికీ మందులు ముందే ఇంట్లో పెట్టించాలి, సిరింజ్ డ్రైవర్ (మందు కొద్దికొద్దిగా ఎక్కించే చిన్న పంపు) ఎప్పుడు మొదలుపెట్టాలో జీపీతో (ఫ్యామిలీ డాక్టర్‌తో) మాట్లాడాలి, రాత్రి టీమ్‌కి కబురు అందాలి, ఇంటివాళ్ళకి ఏం జరగబోతోందో చెప్పాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఆ మనిషిని అర్ధరాత్రి అంబులెన్సులో ఏ అండ్ ఈకి (ఎమర్జెన్సీకి) తీసుకెళ్తారు, ఆయన వద్దన్నది సరిగ్గా అదే.

అప్రెంటిస్‌షిప్‌లో నాకు నచ్చింది ఏంటంటే యూనివర్సిటీలో విన్నది ఆ వారంలోనే మన పేషంట్ల దగ్గరికి వస్తుంది, ప్రాక్టీస్ అసెస్సర్ మనతో ఇంటికి వచ్చి చూస్తుంది, ఎందుకలా నిర్ణయించావు అని అడుగుతుంది. నాకు ఆ ప్రశ్నల వల్లే పని వచ్చింది.

ఐసీయూ_నైట్స్:
అక్కా మీరు చెప్పిన పని గొప్పదే, కాదనను. నా అనుమానం వేరే. "డిస్ట్రిక్ట్ నర్స్" అనే టైటిల్‌కి చట్టంలో రక్షణ లేదు, రిజిస్టర్డ్ నర్స్ అన్నదానికే ఉంది. ఎస్‌పీక్యూ లేకుండా కమ్యూనిటీలో బ్యాండ్ 6 ఇచ్చే ట్రస్టులు (మనకి ఉద్యోగమిచ్చే ప్రభుత్వ వైద్య సంస్థలు) ఉన్నాయి. 2025-26 స్కేలు చూస్తే బ్యాండ్ 5 పైమెట్టు 37,796 పౌండ్లు, బ్యాండ్ 6 మొదటిమెట్టు 38,682. అంటే పైమెట్టులో ఉన్నవాళ్ళకి మొదట్లో పెరిగేది వెయ్యి పౌండ్లు కూడా కాదు, దానికి చదువూ ఒత్తిడీ ఇంత అవసరమా? పీజీ లెవెల్లో అంత కష్టం పడేదేదో అడ్వాన్స్‌డ్ క్లినికల్ ప్రాక్టీషనర్ వైపు పడితే బ్యాండ్ 7, 8ఏ దాకా వెళ్ళొచ్చు, హాస్పిటల్లోనూ పనికొస్తుంది.

కమ్యూనిటీ_అక్క:
తమ్ముడూ, బ్యాండ్ 6 పైమెట్టు 46,580, దాన్ని వదిలేసి మొదటిమెట్టు ఒక్కటే చూస్తే ఎలా? టీమ్ లీడర్ పోస్టులకి చాలాచోట్ల ఎస్‌పీక్యూ అడుగుతున్నారు కూడా. అయినా నా బాధ అది కాదు, టైటిల్‌కి రక్షణ లేదు కాబట్టి చదువు అక్కర్లేదు అనే వాదన నాకు అస్సలు మింగుడు పడదు. శిక్షణ లేకుండా బ్యాండ్ 6 ఇచ్చి కేస్‌లోడ్ చేతిలో పెడితే నష్టపోయేది పేషంటు, ఏదైనా అయితే ఎన్ఎంసీ ముందు నిలబడేది మనం. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి తన భార్యకి చివరిరోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్‌ని పేదల ఇళ్ళకి పంపడంతో ఈ వృత్తి మొదలైంది, ఆ వెంటనే ఆయనకి అర్థమైంది ఏంటంటే శిక్షణ ఉన్న నర్సులు చాలినంతమంది లేరని, నైటింగేల్ సలహా అడిగి నర్సింగ్ స్కూలే పెట్టించాడు. అప్పుడే అలా ఆలోచిస్తే ఇప్పుడు మనం అనుభవం చాల్లే అనడం ఏంటి?

రూల్స్_చూసుకోండి:
నేను యూనియన్ రెప్‌ని. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ సంతకం పెట్టేముందు తెలియాల్సినవి ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్ రూల్స్ ప్రకారం ఆఫ్-ద-జాబ్ ట్రైనింగ్ (రోజువారీ పని పక్కనపెట్టి చదివే టైమ్) జీతమిచ్చే పనిగంటల్లోనే జరగాలి, సెలవురోజు చదివిస్తే దానికి బదులు టైమో డబ్బో ఇవ్వాలి. ఇదివరకు పనిగంటల్లో 20 శాతం అనేవాళ్ళు, 2022 నుంచి ఫుల్‌టైమ్ వాళ్ళకి వారానికి సగటున 6 గంటలకి మార్చారు, 2025 ఆగస్టు నుంచి మొదలుపెట్టేవాళ్ళకి ఒక్కో అప్రెంటిస్‌షిప్‌కి కనీసం ఇన్ని గంటలని విడిగా పెట్టారు. కాబట్టి ఓరుగల్లు గారు చెప్పిన అమ్మాయి విషయంలో జరిగింది రూల్ ఉల్లంఘనే, యూనివర్సిటీ వాళ్ళతో జరిగే రివ్యూలో చెప్పి రాతలో పెట్టించాల్సింది. మన నర్సులు చెప్పరు, వీసా భయం, నాకు తెలుసు.

రెండోది ఇంకా ముఖ్యం. అప్రెంటిస్ దగ్గర ట్రైనింగ్ ఖర్చు, చివరి అసెస్‌మెంట్ ఖర్చు ఎంప్లాయర్ వసూలు చెయ్యకూడదు, మధ్యలో మానేసినా సరే. మామూలు ఫుల్‌టైమ్ ఎస్‌పీక్యూకి పంపినప్పుడు మాత్రం రెండేళ్ళు పనిచెయ్యాలి లేకపోతే డబ్బు కట్టు అనే తరహా అగ్రిమెంట్లు ఉండొచ్చు. ఎవరైనా అప్రెంటిస్‌షిప్‌కి కూడా అలాంటి కాగితం ఇస్తే సంతకం పెట్టకుండా యూనియన్‌కి చూపించండి.

వీసా మీద ఉన్నవాళ్ళకి: మొదలుపెట్టేనాటికి యూకేలో 3 ఏళ్ళు నివాసం ఉండి ఉండాలి, చదువుకోసం వచ్చిన వీసా కాకూడదు, వీసా గడువులోపు కోర్సు పూర్తయ్యే వీలుండాలి. ఆక్యుపేషన్ కోడ్ (వీసాలో మన ఉద్యోగానికి వేసే నంబరు) మారితే వీసా అప్‌డేట్ అప్లికేషన్ పెట్టాలి, వార్డు నర్సు కోడ్, కమ్యూనిటీ నర్సు కోడ్ వేరువేరు, కాబట్టి నువ్వు వార్డు నుంచి మారినప్పుడు ఏ కోడ్ వేశారో హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడుగు తల్లీ.

క్లైడ్_ఒడ్డున:
ఇది ఇంగ్లండ్ సంగతి మాత్రమే అని మర్చిపోకండి. నేను గ్లాస్గోలో ఉన్నా, మా స్కాట్లండ్‌లో ఈ ఫండింగ్ రూల్స్ వర్తించవు.

జీఎన్ఎం_2014:
నాది బీఎస్సీ కాదండి, జీఎన్ఎం డిప్లొమా. నాకు ఇస్తారా?

కమ్యూనిటీ_అక్క:
పీజీ లెవెల్ కదా, డిగ్రీ స్థాయిలో చదివినట్టు ఏదో ఒక ఆధారం అడుగుతారు. యూనివర్సిటీని బట్టి మారుతుంది కాబట్టి అడ్మిషన్ ట్యూటర్‌కి నేరుగా మెయిల్ పెట్టు, ముందు ఒకటి రెండు డిగ్రీ లెవెల్ మాడ్యూల్స్ చేసి రమ్మనొచ్చు. ఇండియాలో ఎమ్మెస్సీ నర్సింగ్ చేసినవాళ్ళు కూడా మాకెందుకు అనుకోవద్దు, ఇది వేరే చదువు. మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) విలేజ్ క్లినిక్‌లో చేసొచ్చినవాళ్ళయితే ఇళ్ళకి వెళ్ళడం, ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం అలవాటై ఉంటుంది, అది ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పండి, మనవాళ్ళు మొహమాటానికి దాచేస్తారు.

ఐసీయూ_నైట్స్:
ఒక్క సంగతి మిగిలిపోయింది. 2026 జనవరి నుంచి లెవెల్ 7 (అంటే ఈ పీజీ స్థాయి) అప్రెంటిస్‌షిప్‌లకి లెవీ డబ్బు (ఎంప్లాయర్ల నుంచి ప్రభుత్వం వసూలు చేసే ట్రైనింగ్ నిధి) 21 ఏళ్ళ దాకా వయసున్నవాళ్ళకే అన్నారు, కొన్ని మినహాయింపుల్లో 24 దాకా. రిజిస్టర్డ్ నర్సుల్లో ఆ వయసు వాళ్ళు ఎంతమంది ఉంటారు? మరి మంగళగిరి గారి కోర్సు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది?

రూల్స్_చూసుకోండి:
సరైన ప్రశ్న. టీమ్ లీడర్ నోటిమాట కాకుండా ట్రస్టు అప్రెంటిస్‌షిప్ టీమ్ నుంచి మెయిల్‌లో తెప్పించుకోవాలి.

మంగళగిరి_టు_లీడ్స్:
అందరికీ థాంక్స్. ఇవాళ టీమ్ లీడర్‌ని అడిగాను. కోడ్ సంగతి హెచ్‌ఆర్‌ని కనుక్కుంటానంది, డబ్బు సంగతి మెయిల్ పెట్టింది. నా స్టడీ డే రోజు నా విజిట్లు ఎవరు చేస్తారు అని అడిగితే మాత్రం "సర్దుకుందాం" అంది. అక్కా మీ టీమ్‌లో ఎలా చేశారు?

కమ్యూనిటీ_అక్క:
మాకు బ్యాక్‌ఫిల్ ఇచ్చారు, అంటే నా గంటలకి బదులుగా బ్యాంక్ స్టాఫ్‌ని (అవసరమైనప్పుడు షిఫ్టుకి పిలిచేవాళ్ళని) పెట్టారు, రోటాలో ఆరోజు నా పేరే ఉండేది కాదు. అది లేకపోతే నేను పూర్తి చేసేదాన్ని కాదు, అది నిజం. సర్దుకుందాం అనే మాట మీద చేరకు. ఎన్ఎంసీ ప్రమాణాల్లో ప్రొటెక్టెడ్ లెర్నింగ్ టైమ్ (చదువుకే కేటాయించిన టైమ్) ఉందని చెప్పి, రోటాలో ఎలా చూపిస్తారో రాసివ్వమను.

ఓరుగల్లు_నర్స్:
గిదే నేను మొదటి నుంచి చెప్తున్న అక్కా. బ్యాక్‌ఫిల్ రాసిస్తే చేరమను, నేను గూడ ఒద్దనను. రాసియ్యకపోతే వచ్చే ఇన్‌టేక్ దాక ఆగితే ఏమైతది, పాప గూడ ఇంకింత పెద్దగైతది.

కమ్యూనిటీ_అక్క:
ఆగొచ్చు, కానీ వచ్చే ఇన్‌టేక్‌కి డబ్బు ఉంటుందో లేదో ఇప్పుడే చూశాం కదా. నేనైతే ఈ వారమే మేనేజర్‌తో మీటింగ్ అడుగుతాను, యూనియన్ రెప్‌ని వెంటబెట్టుకుని వెళ్తాను.