"ఏనెన్" అన్న జపనీస్ మాటకు తెలుగులో ఏ మాట సరితూగుతుంది?

ప్రశ్న:
ఒసాకా రాక్ బ్యాండ్ ఉల్ఫుల్స్ 2003లో విడుదల చేసిన పాట పేరు "ఏనెన్". అర్థం "బాగుంది, ఫర్వాలేదు" అంటున్నారు. దిగులుగా ఉన్నవాడి భుజం తట్టే పాట అది. పాడుకోవడానికి వీలుగా ఒక్క తెలుగు మాట కావాలి. "పర్లేదు" సరిపోతుందా అండీ?

సమాధానం:
ముందు మాటను విడదీద్దాం. "ఏ" అంటే మంచి, బాగు. ప్రామాణిక జపనీస్‌లో "ఈ" అనేదాన్ని ఒసాకా వైపు "ఏ" అంటారు. రెంటికీ మూలం "యొయి". "నెన్" క్రియ కాదు, వాక్యం చివర చేరే ప్రత్యయం. "నొ యా" అన్నది "నెయా"గా, ఆపైన "నెన్"గా అరిగింది. ప్రామాణిక భాషలో దీని చోట "న్‌దా" వస్తుంది. చెప్పే మాట వెనుక ఒక కారణమో నమ్మకమో ఉందని అది సూచిస్తుంది. మన "లే" చేసే పని దాదాపు ఇదే. "వస్తాడు" వేరు, "వస్తాడులే" వేరు కదా.

కాబట్టి ఉత్త "పర్లేదు"లో సగమే వచ్చింది. "పర్లేదులే" అంటే భావం నిండుతుంది, కానీ మాత్రలు, అంటే పలికే కాలపు కొలతలు, మించిపోతాయి.

మరొకరు:
ఆ మాత్రల లెక్క కాస్త వివరంగా చెప్పండి మాస్టారూ.

సమాధానం:
తెలుగువాళ్లకు ఇది చాలా సులువు. జపనీస్‌లో పొట్టి అచ్చుకు ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. పొల్లు "న్" ఒక్కటే ఒక మాత్ర, ద్విత్వంలో మొదటి సగం ఇంకొక మాత్ర. మన గురులఘువులు వేసినా దాదాపు ఇదే లెక్క వస్తుంది. "ఏనెన్" రెండు గురువులు, నాలుగు మాత్రలు. "పర్లేదు" అయిదు, "పర్లేదులే" ఏడు.

రెండు గురువులతో మనకు దొరికేవి: సర్లే, పోన్లే, కానీ, మేలే. "సర్లే"లో అయిష్టంగా ఒప్పుకున్న ధ్వని ఉంది. "పోన్లే"లో ఏదో పోయిందన్న బాధ మిగిలే ఉంటుంది. "కానీ" చక్కటి ఊతమే, అయితే విన్నవాళ్లు "అయితే" అన్న అర్థంలో తీసుకుని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తారు. "అదీ మేలే" అంటామే, ఆ "మేలే"కు నా ఓటు. "చాల్లే" కూడా నాలుగు మాత్రలే గానీ దాని జోలికి పోవద్దు. ఇద్దరు హాస్యగాళ్లు చేసే మన్‌జాయ్ ప్రదర్శన చివర ఒసాకావాళ్లు "మో ఏ వా" అంటారు, "చాల్లే" దానికి జోడు.

పాడేవాళ్లు ఎక్కువగా పొరబడేది "నెన్" దగ్గర. "న్"ను మింగేసి "ఏనె" అంటే ఒక మాత్ర ఎగిరిపోయి తాళం ముందుకు జారుతుంది. "న్"కు దాని సమయం దానికి ఇవ్వాలి. ఇంకొకటి, "ఏ యానెన్" అనకండి. నామవాచకం తర్వాతే "యా" వస్తుంది, "ఏ" లాంటి విశేషణానికి నేరుగా "నెన్" తగులుతుంది.

మూడోవారు:
ఇదే బ్యాండ్‌కు పేరు తెచ్చిన 1995 పాట "గట్సు దజె" సంగతేమిటి? దీన్ని "గుండె ధైర్యం" అని తేల్చేయడం చూశాను, చప్పగా ఉంది.

సమాధానం:
చప్పగా ఉండటానికి కారణం "జె"ను వదిలేయడం. "ద" అంటే "అయి ఉంది" లాంటి ముగింపు మాట, "జె" అంటే పక్కవాణ్ని ఉసిగొల్పే మొరటు మగ యాస. మనకు "రోయ్" ఉంది. "దమ్మురోయ్" అనండి, గురువు లఘువు గురువు, అయిదు మాత్రలు. జపనీస్‌లోనూ అయిదే. "గట్సు" ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాట, "దమ్ము" ఉర్దూ మీదుగా మనకొచ్చిన పారశీక పదం. అరువుకు అరువు కుదిరింది. కేసీ అండ్ ద సన్‌షైన్ బ్యాండ్ 1975 డిస్కో పాటలోని "దట్స్ ద వే" అన్న ధ్వనిని అనుకరిస్తూ కట్టిన మాట ఇది. అందుకే ఒసాకా యాసలో "యా దె" అనకుండా "దజె" అన్నారు. శబ్దం కోసం యాసనే వదిలారంటే, మనం కూడా అర్థం కంటే దరువుకే ముందు పీట వెయ్యాలి.

పలుకుబడికి ఒక మాట. "త్సు" మనకు కొత్త కాదు, "చుక్క"లోని దంత్య చకారమే. "జె" దగ్గరే తడబడతాం. మన దంత్య జకారం "జోరు"లో వస్తుంది గానీ ఎత్వం ముందు తాలవ్యమైపోయి (నాలుక అంగిలికి తగిలి) "జెండా"లోని "జె" వినిపిస్తుంది. "జోరు" అంటూ నాలుకను పళ్ల దగ్గరే ఉంచి "ఎ" పలికి చూడండి.

మరొకరు:
"అషిత గ అరు స" పాటకు "రేపుంది" అని రాసుకున్నాను.

సమాధానం:
"రేపుందిగా" అనండి. చివరి "స" తేలిగ్గా, ధీమాగా తేల్చి చెప్పే ప్రత్యయం, "గా"తో అది దిగుతుంది. అటు ఏడు మాత్రలు, ఇటూ ఏడే. అసలు పాట 1963లో క్యూ సకమొతొ పాడింది, ఉల్ఫుల్స్ 2001లో మళ్లీ పాడారు.

అడిగినవారు:
"మేలే" కొంచెం గ్రాంథికంగా లేదూ? "పోన్లే" నోటికి దగ్గరగా ఉంది.

సమాధానం:
మాటల్లో మీరన్నది నిజమే. కానీ వీళ్ల 1996 పాట "బన్‌జాయ్" ఉపశీర్షిక చూడండి, "సుకిదె యొకత్త". ప్రేమించడం మంచిదైంది అన్న ఊరట అది. ఆ "యొకత్త" మనం మాట్లాడుకుంటున్న "ఏ"కి భూతకాల రూపమే, ఒసాకాలో కూడా "ఏకత్త" అనరు. రెండు పాటలనూ ఒకరే తెలుగు చేస్తుంటే ఒకచోట "మేలే", ఇంకొకచోట "ప్రేమించడం మేలైంది" అని ఒకే ధాతువు నిలబడుతుంది. "పోన్లే"తో ఆ జత కుదరదు.